పుచ్చుకున్నవాడి పేరు

పురుగుమందు కొట్టేటప్పుడు వేసుకున్న బట్టల్ని సామ్రాజ్యం ఎప్పుడూ చివరికి ఉంచుతుంది. ముందే తడిపితే ఆ వాసన మిగతా వాటన్నిటికీ పడుతుంది. ఆగస్టు నెల, పత్తికి పురుగు తగిలిన రోజులు. ఊళ్లో ప్రతి ఇంటివాళ్లూ మందు కొడుతున్నారు కాబట్టి ఆ కుప్పే అన్నిటికంటే పెద్దదిగా ఉంది. మోకాళ్లదాకా కాలవ నీళ్లలో నిలబడి ఆ లుంగీలనీ చొక్కాలనీ బండమీద బాదింది. వేళ్ల సందులు మండితే చేతులు కాసేపు నీళ్లలో ఆడించుకుని మళ్లీ బాదింది.

మధ్యాహ్నం ఇస్త్రీ మడతలు తీసుకుని శివరామకృష్ణ ఇంటికి వెళ్లింది. ఆయనకు ముప్పై ఎకరాల పత్తి, మిరప ఉంది. హైస్కూలు విద్యా కమిటీకి ఛైర్మను కూడా. వసారాలో కూర్చుని పేపరు చూస్తున్నాడు. పక్కన ఆయన అన్న కొడుకు చైతన్యకృష్ణ గోళ్లు కత్తిరించుకుంటున్నాడు.

"ఏమే సామ్రాజ్యం, మీవాడు మిలటరీ బట్టలు దాచుకున్నాడంటగా," అన్నాడు శివరామకృష్ణ పేపరు దించకుండానే.

"ఉన్నయ్యండి బాబుగారు. పెట్లో పెట్టుకున్నాడు."

"ఆదివారం జెండా పండగ. కార్గిల్ అని స్కూల్లో కాస్త పెద్ద ఎత్తున చేస్తున్నాం. ఎమ్మార్వో గారొస్తున్నారు. మా చైతన్యకి ఆ బట్టలు కావాలి. ఇస్త్రీ చేసి శనివారం సాయంత్రానికి తెచ్చియ్యి."

"నాటకమాండి?"

"ఆ, నాటకమే."

"చొక్కాకి పెట్టుకునే బిళ్లలుంటాయి కదా, అవి కూడా తెమ్మను బాబాయ్," అన్నాడు చైతన్యకృష్ణ. ఏడాది కిందట గుంటూరులో సైన్యంలోకి మనుషుల్ని తీసుకుంటున్నారంటే వెళ్లి, పరుగు సగంలో ఆపేసి తిరిగొచ్చినవాడు.

ఇంటికొచ్చేసరికి భర్త కోటిలింగం జెండా ఇస్త్రీ చేస్తున్నాడు. హెడ్మాస్టరు వెంకయ్య గారు ఉదయం పంపించారట. ఇస్త్రీ పెట్టెలో బొగ్గులు తగ్గించి, జెండా మీద తడిగుడ్డ పరిచి, అంచు నుంచి మధ్యకి నెమ్మదిగా జరుపుతున్నాడు. సైన్యంలో పదిహేడేళ్లు పటాలానికి బట్టలుతికి ఇస్త్రీ చేసిన చేతులు. నాలుగేళ్ల కిందట నాయక్ హోదాతో దిగి ఇంటికొచ్చాడు.

సామ్రాజ్యం సంగతి చెప్పింది. ఆయన పెట్టెను పక్కనున్న ఇటుక మీద పెట్టాడు.

"కుదరదని చెప్పు."

"నాటకానికంటయ్యా. ఒక్క పూటేగా."

"నాటకానికైతే ఖాకీ చొక్కా కుట్టించుకోమను. నేనే వేసుకోకూడని బట్టలవి. సర్వీసు దిగినాక ఆ యూనిఫాం వేసుకుని సిపాయిలాగా జనంలో తిరగడానికి లేదు. మెడల్స్ పెట్టుకోవచ్చు. అదీ జెండా పండగలాంటి రోజున, మామూలు చొక్కా మీద, ఎడం పక్కన. గుంటూరు సైనిక సంక్షేమ ఆఫీసు నుంచొచ్చిన కాయితం చూపించాగా నీకు."

చూపించాడు. ఆమెకు చదవడం రాదు గాని ఆ కాయితం ట్రంకు పెట్టె అడుగున ఉన్న సంగతి తెలుసు. దిగొచ్చాక ఆయన ఆ బట్టలు ఒంటిమీద వేసుకోని మాటా నిజమే. ప్రత్తిపాడులో ఫోటో స్టూడియో సుభానీ ఊరికే ఫోటో తీస్తా వేసుకు రమ్మంటే కూడా వెళ్లలేదు.

"ఇక్కడ ఎవరు చూడొచ్చారయ్యా నీ రూలు?" అంది. కోపం ఎక్కడినుంచో తన్నుకొచ్చింది. "నువ్వక్కడ పదిహేడేళ్లు ఉతికితే మూడు బిళ్లలిచ్చారు. ఆ పదిహేడేళ్లూ నేనిక్కడ ఉతికాను. నాకెవరిచ్చారు? రేప్పొద్దున వాళ్ల వాకిట్లోకి పోయి మూట ఎత్తుకునేది నేను. నువ్వు కాదు."

కోటిలింగం జెండా మీది తడిగుడ్డ సరిచేశాడు. "నిజమే," అన్నాడు. మళ్లీ పెట్టె చేతిలోకి తీసుకున్నాడు. "అయినా ఇవ్వను."

మర్నాడు పొద్దున్నే ఆయన ఇవ్వనన్నాడని సామ్రాజ్యం శివరామకృష్ణకు చెప్పింది. ఆయన ఒక్కసారి తలెత్తి చూసి, "సరే," అన్నాడు. అంత తేలిగ్గా అనడం ఆమెకు నచ్చలేదు.

ఎందుకు నచ్చలేదో శనివారం తెల్లవారగానే తెలిసింది. కాలవ రేవుకి వెళ్లే దారి శివరామకృష్ణ పత్తి చేలో గట్టు మీద నుంచే పోతుంది. తాతల నాటి నుంచి చాకలివాళ్లు ఆ గట్టు మీదే నడుస్తున్నారు. ఆ గట్టు మొదట్లో నిలువెత్తున తుమ్మకంప పడి ఉంది. చేలో పాలేరు మీరా హుస్సేన్ చేతికి గుచ్చుకున్న ముల్లు తీసుకుంటున్నాడు.

"నన్నేమనమాకక్కా," అన్నాడు ముందే. "ఏయమన్నారు, ఏశాను."

మూట నెత్తిన పెట్టుకుని తారు రోడ్డు మీద నుంచి చుట్టూ తిరిగి రేవుకి చేరేసరికి ఎండెక్కింది. తిరిగొచ్చేటప్పుడు తడి బట్టల బరువుకి మెడ నరాలు బిగుసుకుపోయాయి. దారిలో రెండుసార్లు మూట దించింది. రెండోసారి దించినప్పుడు ఎత్తేవాళ్లు లేక రోడ్డు పక్కన అట్లాగే నిలబడింది. నాలుగు ట్రాక్టర్లు పోయాయి. ఐదోదాని డ్రైవరు దిగి మూట నెత్తికెత్తాడు. రోజూ ఇట్లా అయితే ఎన్నాళ్లు మోయగలనని లెక్క వేసుకోబోయి మానేసింది.

బట్టలు ఆరేస్తుంటే శివరామకృష్ణ భార్య శివపార్వతి పెరటి గోడ దగ్గరికొచ్చింది.

"ఎందుకే ఈ పంతాలు. ఆయన సంగతి నీకు తెలియనిదా. నాటకం అవగానే నేనే మడతపెట్టి పంపిస్తాగా. ఆ కంప కూడా తీయిస్తా."

కోటిలింగం స్కూల్లో ఉన్నాడు. జెండా కర్ర తాడు తెగిందని, కప్పీ బిగుసుకుందని వెంకయ్య గారు పిలిపించారు. సామ్రాజ్యం ఇంట్లోకొచ్చి తలుపు దగ్గరకేసి ట్రంకు పెట్టె తీసింది.

ఆ బట్టల్ని ఆమె ఎన్నడూ ముట్టుకోలేదు. ఏడాదికి రెండుసార్లు ఆయనే తీసి ఎండలో వేసి, ఆయనే మడత పెట్టుకునేవాడు. చొక్కా విప్పి పరిచింది. మంచి గుడ్డ, గట్టి నేత. జేబు మూతల కింద చూసింది, కుట్టు ఎక్కడా విడలేదు. ఎడమ జేబు పైన చొక్కా గుడ్డలో పిన్ను గుచ్చిన బెజ్జాలు సన్నగా కనిపించాయి. పలచగా గంజి చిలకరించింది. బొగ్గులు విసిరి, అరచేతిని ఇస్త్రీ పెట్టె దగ్గరగా పెట్టి వేడి చూసుకుంది. కాలరు, భుజాలు, చేతులు, తర్వాత జేబులు. మడతలు కత్తిలా నిలబడ్డాయి. ఊళ్లో ఎవరి బట్టలకూ అంత శ్రద్ధ పెట్టలేదు. దొంగపని చేస్తూ ఇంత బాగా చేస్తున్నానేమిటనుకుంది. చేతులు మాత్రం ఆగలేదు.

జేబుకి తగిలించిన పేరు పలక తీసి ట్రంకు పెట్టెలో వేసింది. మూడు మెడల్స్ ఒకే పట్టీకి ఉన్నాయి. వాటిని చేతిలో పట్టుకుని కాసేపు తటపటాయించింది. తర్వాత చొక్కా మీద పెట్టి, పైన తువ్వాలు కప్పి తీసుకెళ్లి ఇచ్చింది.

సాయంత్రానికి మీరా హుస్సేన్ కంప లాగేశాడు. అది చూసి ఆమెకి ప్రాణం తేలికపడింది. ఆ తేలికపడటం తలుచుకుంటేనే తర్వాత ఆమెకి ఒళ్లు మండింది.

ఆదివారం కోటిలింగం తెల్లవారకముందే స్నానం చేసి, తెల్ల చొక్కా వేసుకుని, పెట్టె తీశాడు. సామ్రాజ్యం పొయ్యి దగ్గర కూర్చుని అటు తిరగలేదు.

"ఏవి?"

"ఇచ్చాను."

పెట్టె మూత మూసిన చప్పుడు వినిపించింది. అరుస్తాడనుకుంది. అరిస్తే తనూ అరవాలనుకుంది.

"ఎందుకిచ్చావు?"

"దారి మూసేశారు. చుట్టూ తిరిగి మోశాను."

"నాకు చెప్పలేదే."

"చెబితే ఏం చేస్తావు? పోయి సెల్యూట్ కొడతావా?"

తల దువ్వుకుని స్కూలుకి బయల్దేరాడు. కాసేపటికి ఆమె కూడా చీర మార్చుకుని వెనకాల నడిచింది.

స్కూలు ఆవరణలో షామియానా వేశారు. మైకులో దేశభక్తి పాటలు వస్తున్నాయి. స్టేజీ మీద ఎమ్మార్వో, శివరామకృష్ణ, హెడ్మాస్టరు, ఇంకో నలుగురు పెద్దరైతులు. చివరి కుర్చీలో చైతన్యకృష్ణ. చొక్కా భుజాల దగ్గర కొంచెం వదులు. మడత ఒక్కటి చెదరలేదు. మెడల్స్ కుడి జేబు మీద ఊగుతున్నాయి.

ఎమ్మార్వో జెండా ఎగరేశాడు. పిల్లలు పాట పాడారు. ఇక నాటకం మొదలవుతుందని సామ్రాజ్యం ఎదురుచూసింది. నాటకం లేదు. వెంకయ్య గారు మైకు ముందుకొచ్చి చేతిలో చీటీ విప్పాడు.

"మన గ్రామం నుంచి సైన్యంలో చేరి, దేశసేవ చేసి వచ్చిన మన ఊరి ముద్దుబిడ్డ, మాజీ సైనికుడు చైతన్యకృష్ణను ఈ శుభ సందర్భంలో సన్మానించుకోవడం..." ఆయన గొంతు అక్కడ కాస్త తగ్గింది. తలెత్తకుండా మిగతాది గబగబా చదివేశాడు.

ఎమ్మార్వో శాలువా కప్పాడు. విలేకరి ఫోటో తీశాడు. చప్పట్లు ఇంకా ఆగలేదు, కోటిలింగం పిల్లల వరసల మధ్య నుంచి నడుచుకుంటూ స్టేజీ ముందుకెళ్లి నిలబడ్డాడు. చేతులు రెండూ తొడలకి ఆనించి ఉన్నాయి.

"సార్, ఆ యూనిఫాం నాది. ఆ మెడల్స్ నావి."

ఎమ్మార్వో హెడ్మాస్టరు వైపు చూశాడు. హెడ్మాస్టరు శివరామకృష్ణ వైపు చూశాడు. శివరామకృష్ణ నవ్వాడు.

"మా ఊరి చాకలండి. మిలటరీలో బట్టలుతికేవాడు."

కుర్చీల్లో ఉన్నవాళ్లంతా నవ్వారు. సామ్రాజ్యం ఆ నవ్వేవాళ్లను ఒక్కొక్కరినే చూసింది. స్టేజీ మీద ఉన్న ఊరి పెద్దలందరి ఒంటి మీదా తను ఉతికి నీలిమందు పెట్టిన తెల్లచొక్కాలే. ఎవరి కాలరు చిరిగిందో, ఎవరి బనీనుకి ఎన్ని చిల్లులున్నాయో ఆమెకు తెలుసు.

"అవును సార్, ఉతికాను," అన్నాడు కోటిలింగం. గొంతు పెంచలేదు. "వాషర్‌మన్ నాయక్ కోటిలింగం. శ్రీలంక యుద్ధానికి పంపినప్పుడు మాకు ఉతికే పని లేదు సార్. దెబ్బ తగిలినవాళ్లను మోశాం. మూడోవాణ్ణి మోసేటప్పుడు నా భుజంలో బాంబు ముక్క దిగింది. ఆ మధ్య మెడల్ దానికిచ్చారు. ఆ కుర్రాడు వాటిని కుడి పక్కన పెట్టుకున్నాడు. చనిపోయినవాడి మెడల్స్ వాళ్లింటివాళ్లు పెట్టుకునేది కుడి పక్కన. నేను బతికే ఉన్నాను సార్."

చైతన్యకృష్ణ శాలువా కుడివైపుకి లాక్కున్నాడు. ఎమ్మార్వో వాచీ చూసుకున్నాడు. ఎవరో సైగ చేశారు, మైకులో మళ్లీ పాట మొదలైంది. అటెండరు ఇమాం హుస్సేన్ వచ్చి కోటిలింగం మోచెయ్యి పట్టుకున్నాడు.

"రా అన్నా. పిల్లలు చూస్తన్నారు."

"చూడనియ్యి," అన్నాడు కోటిలింగం. కాని కదిలాడు. వెనక పిల్లలకి చాక్లెట్లు పంచడం మొదలుపెట్టారు.

బట్టలు తిరిగి పంపిస్తారని సామ్రాజ్యం చీకటి పడేదాకా వాకిట్లోకి చూస్తూనే ఉంది. శివపార్వతి పంపలేదు.

సోమవారం జిల్లా పేజీలో ఫోటో పడింది. శాలువాతో చైతన్యకృష్ణ, పక్కన నవ్వుతూ శివరామకృష్ణ. కింద అక్షరాలు కోటిలింగం చదివి వినిపించాడు. "మాజీ సైనికుడు చైతన్యకృష్ణకు ఘన సన్మానం." ఆయన రెండు పేపర్లు కొన్నాడు. ఒకదానిలోంచి ఫోటో కత్తిరించి, ఉత్తరంతో పాటు కవరులో పెట్టి గుంటూరు ఆఫీసుకి పోస్టు చేశాడు. రెండోది మడిచి, సర్వీసు పుస్తకం, ఆ రూలు కాయితం సంచిలో పెట్టుకుని మండలం బస్సెక్కాడు. సామ్రాజ్యం కూడా ఎక్కింది. రావద్దనలేదు, రమ్మనీ అనలేదు.

స్టేషన్లో ఎస్సై కుర్రవాడు. కాయితం ఒకటికి రెండుసార్లు చదివాడు. పేపరు చూశాడు. లోపలికెళ్లి ఫోన్లో ఎవరితోనో మాట్లాడి వచ్చాడు. వచ్చాక మొహం మారింది.

"యూనిఫాం ఎవరిది?"

"నాది సార్."

"సిపాయి కానివాడు సిపాయిలా కనబడాలని ఆ బట్టలేసుకుంటే సెక్షన్ నూట నలభై. తెలిసే కదా వచ్చావు. మరి దానికి సాయపడినవాడి మీద కూడా కేసుంటది, అది తెలుసా? రూలు నీకు తెలుసు, కాయితం నీ దగ్గరే ఉంది. అయినా నీ బట్టలు వాడి ఒంటి మీదకి పోయాయి. ముందు నిన్ను లోపలెయ్యాలి."

కోటిలింగం నిటారుగా నిలబడ్డాడు. మడమలు రెండూ కలిశాయి. "బట్టలు నావి సార్. బాధ్యత నాది."

సామ్రాజ్యం ఆయన వైపు చూసింది. ఎవరిచ్చారో చెప్పడు. అడిగినా చెప్పడు. తప్పు తన నెత్తిన వేసుకుని ఇట్లాగే నిలబడతాడు.

"అందుకే చెబుతున్నా," అన్నాడు ఎస్సై మెత్తబడి. "మీ ఊరి పెద్దాయన వస్తున్నాడు. నీ వస్తువులు నీకిచ్చేస్తాడు. తీసుకుని ఇంటికి పో."

అరగంటకి శివరామకృష్ణ మోటారు సైకిలు మీద వచ్చాడు. చేతిలో ప్లాస్టిక్ కవరు. ఎస్సై కుర్చీ చూపించాడు, కూర్చున్నాడు. కవరు బల్ల మీదకి విసిరాడు. లోపల చొక్కా, ప్యాంటు ఉండచుట్టి ఉన్నాయి. మెడల్స్ ఇంకా కుడి జేబుకే గుచ్చి ఉన్నాయి.

"ఇదుగోరా నీ బట్టలు. దీనికి స్టేషన్ దాకా రావాలా? ఊళ్లో పెద్దమనుషులు లేరా?"

కోటిలింగం చెయ్యి చాపాడు. సామ్రాజ్యం ఆయన మణికట్టు పట్టుకుంది.

"ముట్టుకోమాక," అంది. ఎస్సై వైపు తిరిగింది. "ఆయనియ్యలేదండి. ఆయనింట్లో లేడు. పెట్టె తీసింది నేను. ఇస్త్రీ చేసింది నేను. వాళ్లింటికి తీసుకెళ్లి ఇచ్చింది నేను. కేసు నా మీద రాయండి."

"కేసంటే ఏందో తెలుసా నీకు?"

"తెలవదండి. మీరేగా ఇప్పుడు చెప్పారు, సాయం చేసినోళ్ల మీద కూడా ఉంటదని. నేనే చేశాను. ఇచ్చింది నేనని రాస్తే పుచ్చుకున్నది ఎవరో కూడా రాయాలిగా. వేసుకున్నదెవరో రాయాలిగా."

"ఏమే," అన్నాడు శివరామకృష్ణ. "ఒళ్లు దగ్గర పెట్టుకుని మాట్లాడు."

ఆమె ఆయన వైపు చూడలేదు. "మొదట మేం ఇయ్యం అన్నామండి. రేవు దారికి కంప కొట్టించారు. అప్పుడిచ్చాను. అది కూడా రాయండి."

వేరే ఏదో గట్టు తగాదాకి వచ్చి గోడవారగా కూర్చున్న ఇద్దరు రైతులు మాటలాపి ఇటు చూస్తున్నారు. ఎస్సై పేపరు మళ్లీ విప్పాడు. ఫోటో చూశాడు.

"ఈ సంగతి ఇంకెవరికైనా చెప్పారా?"

"గుంటూరు ఆఫీసుకి పొద్దున పోస్టు చేశాను సార్," అన్నాడు కోటిలింగం. "ఫోటోతో సహా."

ఎస్సై వేళ్లతో బల్ల మీద కాసేపు కొట్టాడు. రేపు పైనుంచి ఎవరైనా అడిగితే చూపించడానికి ఒక కాయితం ఉండాలన్న ఆలోచన అతని మొహంలో కనిపించింది. "రాయవయ్యా," అన్నాడు రైటరు కానిస్టేబులుతో. రైటరు రెండు కాగితాల మధ్య కార్బను పెట్టాడు. సామ్రాజ్యం చెప్పినదంతా విన్నాడు. తలాడిస్తూ రాశాడు. రాసింది ఆమె ముందుకు తోసి వేలిముద్రకి స్టాంపు ప్యాడు తీశాడు.

ఆమె కాగితాన్ని భర్త ముందు పెట్టింది. "చదువు."

కోటిలింగం చదివాడు. "...నా భర్తకు చెందిన సైనిక దుస్తులను, మూడు పతకములను, గ్రామములో ఒకరికి ఇచ్చియుంటిని..."

"ఒకరికి కాదు," అంది సామ్రాజ్యం.

రైటరు ఎస్సైని చూశాడు. ఎస్సై కిటికీ వైపు చూస్తున్నాడు. శివరామకృష్ణ కుర్చీలో ముందుకు జరిగాడు. ఇన్నేళ్లలో ఆమె ఎప్పుడూ వినని గొంతుతో, "అమ్మా సామ్రాజ్యం," అన్నాడు. "కుర్రాడమ్మా. ఉద్యోగాలకి తిరుగుతున్నాడు. పోలీసు కాయితంలో పేరెక్కితే వాడి బతుకేం కావాలి?"

"నిన్న మైకులో మా ఆయన పేరు ఎక్కాల్సింది బాబుగారు," అంది ఆమె. "ఎక్కలేదు."

రైటరు "ఒకరికి" అన్న మాట కొట్టేశాడు. "ఇంటిపేరుతో చెప్పు," అన్నాడు.

చైతన్యకృష్ణ అని చెప్పింది. ఇంటిపేరు దగ్గర ఆగింది. ఊళ్లో ఆ ఇంటిని పెద్ద వసారా ఇల్లంటారు. కాయితాల్లో ఎట్లా ఉంటుందో ఆమెకి తెలియదు. తప్పు పోతే మళ్లీ వేరేవాడి పేరంటారు. ఆమె శివరామకృష్ణ వైపు తిరిగింది.

"మీరు చెప్పండి బాబుగారు. రాసేదాంట్లో తప్పు పోకూడదు."

ఆయన ఎస్సైని చూశాడు. ఎస్సై తల తిప్పకుండానే, "చెప్పండి," అన్నాడు. "పేపర్లో ఎట్టాగూ వచ్చింది."

ఎవరూ కూర్చోమనలేదు గాని సామ్రాజ్యం గోడవారనున్న బెంచీ మీద కూర్చుంది. కోటిలింగాన్ని కూడా చొక్కా అంచు పట్టుకుని కూర్చోబెట్టింది. రైటరు కలం కాగితం మీద ఆనించి ఎదురుచూస్తున్నాడు. శివరామకృష్ణ నేల వైపు చూస్తూ ఏదో గొణిగాడు.

"వినపళ్లేదండి," అన్నాడు రైటరు. "కాస్త గట్టిగా చెప్పండి."